తీగచుట్ట మీద తీర్పు

కర్ర గొట్టం మీద రాగితీగను వరసగా చుట్టి, దాని మీద అటూ ఇటూ జరిగే ఒక లోహపు ముక్కను అమర్చితే, ముక్క జరిగినకొద్దీ విద్యుత్తు ప్రవహించే చుట్ల సంఖ్య మారుతుంది. చుట్లు పెరిగితే ప్రేరకత్వం పెరిగి, అది ఉన్న విద్యుత్ వలయపు సహజ పౌనఃపున్యం తగ్గుతుంది. మన ఇళ్లలోని పాత రేడియోల్లో స్టేషను మార్చేటప్పుడు తిరిగేది ఎక్కువగా కండెన్సరే. తొలినాటి యంత్రాల్లో ఆ పనిలో పెద్ద భాగం తీగచుట్టదే.

ఈ చుట్ట చుట్టూ నడిచిన దావా 1943 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టులో తేలింది. ప్రభుత్వం తమ రేడియో పేటెంట్లను వాడుకుందంటూ మార్కోనీ కంపెనీ 1916లో వేసిన దావా అది. 1904లో మార్కోనీకి దక్కిన పేటెంటు సారం ఇది: ప్రసారిణిలో రెండు, గ్రాహకంలో రెండు, మొత్తం నాలుగు వలయాలనూ ఒకే పౌనఃపున్యానికి శ్రుతి చేయాలి; ఏరియల్ వలయంలో మార్చదగిన ప్రేరకం ఉండాలి.

ఇందులో కొత్తదనమెంత? ఏరియల్లో మార్చదగిన చుట్టను ఆలివర్ లాడ్జ్ 1898 నాటి పేటెంటులోనే చూపారు. నాలుగు వలయాల శ్రుతికి జాన్ స్టోన్ స్టోన్ 1900 ఫిబ్రవరిలో, అంటే మార్కోనీ కంటే తొమ్మిది నెలల ముందే, దరఖాస్తు చేశారు. అంతకుముందు 1899లో మిత్రుడికి రాసిన లేఖల్లోనూ ఆ ఆలోచన ఉంది. ఒకరి చుట్టను మరొకరి అమరికలో పెట్టడం ఆ విద్య తెలిసినవారికి తట్టే పనేనని కోర్టు తేల్చి, పేటెంటులోని విస్తృతమైన క్లెయిములను కొట్టివేసింది.

న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ ఒప్పుకోలేదు. అంతా తెలిసిపోయాక వెనక్కి చూసి ‘ఇందులో ఏముంది’ అనడం సులభమని, సాంకేతిక శిక్షణ లేని న్యాయమూర్తులకు ఆ పొరపాటు మరీ సులభమని ఆయన వాదం. అది తోసిపుచ్చదగిన మాట కాదు. అయినా ఇక్కడ మెజారిటీదే సరైన దారి అని నా నమ్మకం. వారు ఊహలను కాదు, తేదీలు వేసిన కాగితాలను ఆధారం చేసుకున్నారు.

రేడియోను కనిపెట్టింది శాస్త్రవేత్త టెస్లాయేనని ఈ తీర్పు చెప్పిందని చాలామంది రాస్తుంటారు. అది నిజం కాదు. మార్కోనీ కీర్తి ఆయన మొదటి పేటెంటు మీద నిలిచిందని, అది ఇక్కడ ప్రశ్నే కాదని తీర్పులోనే ఉంది. మరో సంగతి, లాడ్జ్ పేటెంటును మార్కోనీ కంపెనీ దావాకు ముందే కొనుక్కుంది. దాన్ని ప్రభుత్వం ఉల్లంఘించిందని కింది కోర్టు తేల్చింది.