చెరకు ధరలో రైతు వంతు

దేశ ఆర్థిక విధానమును గూర్చి పండితులు చెప్పు మాటలు మనకు దూరపు సంగతులుగా తోచుచుండును. కాని చెరకు విషయమున అట్లు కాదు. ఢిల్లీలో వ్రాసిన ఒక నివేదికను చోడవరం పొలము గట్టున నిలిచి పరిశీలింపవచ్చును.

ఆ నివేదికను సమర్పించిన సంఘమునకు అధ్యక్షులు డాక్టరు సి. రంగరాజన్. వీరు 1992 నుండి 1997 వరకు రిజర్వు బ్యాంకునకు, ఆ పిమ్మట 2003 వరకు ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేసిరి గనుక శ్రోతలకు పరిచితులే. 2012 జనవరిలో ఏర్పడిన ఆ సంఘము అక్టోబరులో తన అభిప్రాయములను తెలిపినది. పంచదార వ్యాపారముపై ప్రభుత్వపు కట్టుబాట్లను సడలింపవలెనన్నది వాని సారాంశము. మిల్లులు తమ ఉత్పత్తిలో పదవ వంతును చౌకధరల దుకాణములకై తక్కువ ధరకు ఇచ్చు లెవీ పద్ధతిని, ఎప్పుడెంత అమ్మవలెనో ప్రభుత్వమే నిర్ణయించు పద్ధతిని 2013లో తొలగించిరి. రెండవది 2018లో మరల ప్రవేశించినది. కనీస అమ్మకపు ధర కూడ ఆ సంవత్సరముననే వచ్చినది.

రైతునకు ముఖ్యమైనది వేరొక సిఫారసు. కేంద్రము ప్రకటించు ధరను ముందుగా చెల్లించి, పంచదార అమ్ముడైన పిమ్మట మిల్లు ధర ప్రకారము వచ్చిన విలువలో 75 శాతమునకు ఎంత తగ్గినదో అంతయు రైతునకు ముట్టజెప్పవలెనని సంఘము సూచించినది. మొలాసిస్, పిప్పి మొదలైన వాని రాబడిని కూడ కలిపినచో ఆ వంతు 70 శాతము.

వినుటకు న్యాయముగనే ఉన్నది. లెక్క వేసి చూతము. టన్ను చెరకునకు 95 కిలోల పంచదార వచ్చినదనుకొందము. 2019 ఫిబ్రవరిలో కనీస అమ్మకపు ధర కిలోకు 31 రూపాయలు. ఆ ధరకే అమ్మినచో మొత్తము 2,945 రూపాయలు. అందు 75 శాతము సుమారు 2,209. కాని ఆ పంటకాలమునకు ఈ దిగుబడిపై కేంద్రము నిర్ణయించిన చెరకు ధర టన్నుకు 2,612 రూపాయల 50 పైసలు! వంతు కంటె ధర నాలుగు వందలు ఎక్కువ. కూలి, మరమ్మతు, వడ్డీలకు పంచదార నుండి మిల్లునకు మిగులునది 332 రూపాయలు మాత్రమే.

ధర పెరిగిన నాడు ఈ సూత్రము రైతునకు లాభమే. పడిపోయిన నాడు ఆ నాలుగు వందలు ఎవరు భరింపవలెను? మిల్లు ప్రైవేటుదైనచో యజమాని వంక చూపవచ్చును. గోవాడలోని చోడవరం సహకార చక్కెర కర్మాగారము వంటి చోట యజమాని ఎవరు? చెరకు తోలిన రైతే గదా! అమ్మువాడును తానే, వాటాదారును తానే. ఒక చేతితో పొందిన ధర, నష్టరూపమున రెండవ చేతి నుండి జారిపోవును. పదునాలుగు రోజులలో సొమ్ము చెల్లింపవలెనని, ఆలస్యమైనచో 15 శాతము వడ్డీ ఇవ్వవలెనని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తరువు చెప్పుచున్నది. ఆ వడ్డీ కూడ చివరకు సభ్యుల ఖాతాపైననే పడును. పండితుల సూత్రములో మాకు కొరతగా తోచినది ఇదియే.

ప్రతి మిల్లునకు కొంత ప్రాంతమును కేటాయించు పద్ధతిని కూడ క్రమముగా ఎత్తివేయుమని సంఘము చెప్పినది. చోడవరం రైతునకు చిరకాలముగా మరియొక దారి కలదు. చెరకును గానుగాడి, బెల్లము వండి, అనకాపల్లి మార్కెట్టునకు తోలుట. అయితే అక్కడ కేంద్రము ప్రకటించు ధర లేదు. ఏ పూట వేలము ఆ పూటదే.