కార్జం తింటే రక్తం పడుతుందా?



ఈసారి మన గోడపత్రికకు నేను కార్జం గురించి రాస్తున్నాను. నవ్వకండి, కారణం ఉంది.

దసరా ముందు నర్సమ్మ వచ్చి మా అందరికీ వేలు పొడిచి రక్తం చూశారు. నాకు హిమోగ్లోబిన్ 9 వచ్చింది. మన వయసు ఆడపిల్లలకు కనీసం 12 ఉండాలట. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో నిద్ర ఎందుకో అప్పుడు తెలిసింది. అంతవరకూ నాది బద్ధకం అనుకున్నాను! నర్సమ్మ ఇనుము మాత్రలు ఇచ్చి, "ఇంటికెళ్ళినప్పుడు కార్జం తిను తల్లీ" అన్నారు. సైన్సు సారుని అడిగి తెలుసుకున్న సంగతులు ఇవి.

కార్జం అనగా కాలేయం. మనం గాదెలో ధాన్యం దాచినట్టు, శరీరం ఇనుము, విటమిన్ ఎ, బి12 కాలేయంలో దాచుకుంటుంది. 100 గ్రాముల మేక కార్జంలో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఆకుకూరల్లోని ఇనుము కంటే ఇది ఒంటికి తేలిగ్గా పడుతుంది. విటమిన్ ఎ వల్ల రేచీకటి రాదు.

1926లో అమెరికాలో మైనట్, మర్ఫీ అనే డాక్టర్లు ప్రాణం తీసే ఒక రకం రక్తహీనత రోగులకు రోజూ కార్జం తినిపించి బాగుచేశారు. వారికి, విపిల్ అనే శాస్త్రవేత్తకు కలిపి 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోగులకు మేలు చేసినది బి12 అని తరువాత తేలింది. దానిని 1948లో కార్జం నుంచే వేరుచేశారు.

జర్మనీ వాళ్ళు కార్జాన్ని కొవ్వు, ఉప్పు, మసాలాతో మెత్తగా చేసి, పేగులో కూరి ఉడికించి, రొట్టె మీద రాసుకుని తింటారు. కార్జం బలం అందులోనూ ఉంటుంది గాని, కొవ్వూ ఉప్పూ ఎక్కువ. మన కూరే నయం!

జాగ్రత్తలు:
1. బాగా ఉడికించాలి.
2. వారానికి ఒకసారి చాలు. విటమిన్ ఎ మరీ ఎక్కువైతే హాని. గర్భిణీలు డాక్టరుని అడగకుండా తినరాదు.
3. అన్నం తినగానే టీ తాగితే ఇనుము సరిగా ఒంటికి పట్టదు.
4. మాంసం తిననివారు చోడి అంబలి తాగాలి, ఆకుకూర మీద నిమ్మరసం పిండుకోవాలి.

ముఖ్య విషయం: మన గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. అందులో రక్తకణాలు కొడవలిలా వంగి త్వరగా చచ్చిపోతాయి. అది ఇనుము తక్కువై వచ్చేది కాదు, కార్జంతో తగ్గదు. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవారికి ఇనుము ఎక్కువై చేటు కూడా చేస్తుంది. కాబట్టి ముందు పరీక్ష చేయించుకోవాలి.

మా ఇంట్లో మేకను కోస్తే కార్జం ముందు నాన్నకీ మామయ్యకీ పెడతారు. సంక్రాంతికి వెళ్ళి ఇదంతా చెప్పాను. "ఆడపిల్లలకి ఎందుకే" అంది అమ్మ. నాన్న ఏమీ అనకుండా తన కంచంలోది తీసి నాకూ, చెల్లికీ, అమ్మకీ వేశాడు.

మొన్న మళ్ళీ చూస్తే నాకు 11 వచ్చింది. ఎక్కువ పని చేసినవి మాత్రలేనని సారు అన్నారు. కావున మిత్రులారా, మాత్రలు కిటికీలోంచి పారేయకండి! మీ ఇంట్లో కార్జం వండిన రోజు మీ అమ్మకీ, చెల్లికీ ముక్క అందిందో లేదో చూడండి.

– 9వ తరగతి విద్యార్థిని