ప్రెగ్నెన్సీలో ఆఫీస్ వేర్: మధ్యాహ్నం గుండెల్లో మంటకు లంచ్ బాక్స్ ఒక్కటే కారణం కాదు.. నడుము నాడా కూడా!

మధ్యాహ్నం రెండు దాటింది. బాక్స్ ఖాళీ అయింది. సీట్లో కూర్చున్న పది నిమిషాలకే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. "పొద్దున పచ్చడి వేసుకున్నా కదా, అదే అయ్యుంటుంది" అని సరిపెట్టుకునే గర్భిణీ ఉద్యోగినులు చాలామందే ఉంటారు. పచ్చడి తప్పు కొంత ఉండొచ్చు. కానీ బిగించి కట్టిన లంగా నాడా, పెళ్లికి ముందు కొన్న లెగ్గింగ్ ఎలాస్టిక్ మాత్రం ఎవరికీ గుర్తురావు.

లోపల జరిగేది ఇదీ. గర్భం దాల్చాక ప్రొజెస్టెరాన్ హార్మోన్ పెరుగుతుంది. అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట ఉండే కండరం దాని ప్రభావంతో వదులవుతుంది. పెరుగుతున్న గర్భసంచి కింది నుంచి జీర్ణాశయాన్ని పైకి నెడుతుంది. ఈ రెండూ ఎలాగూ తప్పవు. వాటికి తోడు బయటి నుంచి బిగుతు బట్ట కూడా నొక్కితే ఆమ్లం పైకి తన్నడానికి ఇక అడ్డేముంది? అందుకే ఏం కట్టుకోవాలి, బాక్సులో ఏం పెట్టుకోవాలి అనే రెండు ప్రశ్నలనూ కలిపే చూడాలి.

ఎన్ని నెలలు ఆఫీసుకు?

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, గత 12 నెలల్లో కనీసం 80 రోజులు పని చేసిన వారికి ఇది వర్తిస్తుంది. అయితే ఈ 26 వారాల్లో ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడుకోవడానికి వీల్లేదు. అంటే ఏడో నెల దాకా ఆఫీసు తప్పదన్నమాట. సెలవంతా బిడ్డతో గడపాలని తొమ్మిదో నెల వచ్చేదాకా వెళ్లేవాళ్లూ ఉంటారు. పొట్ట కనిపించడం మొదలయ్యాక మూడు నుంచి ఐదు నెలల పాటు రోజూ పొద్దున్నే బీరువా ముందు నిలబడాల్సిందే.

క్లాసులో, షోరూంలో గంటల తరబడి నిలబడే ఉద్యోగాల వాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ప్రసవ తేదీకి ముందు ఆరు వారాలు లెక్కేసి, దానికి ముందున్న ఒక నెలలో శ్రమతో కూడిన పని, ఎక్కువసేపు నిలబడే పని వద్దని అడిగే హక్కు చట్టంలోనే ఉంది. అడిగితేనే వర్తిస్తుంది కాబట్టి అడగాలి.

కొత్త బీరువా అక్కర్లేదు

ఈ కొద్ది నెలల కోసం పది జతలు కొనడం దండగ. రెండు లెగ్గింగ్స్, మూడు నాలుగు కుర్తీలు ఉంటే మార్చి మార్చి నడిపేయొచ్చు. ఛాతీ కింద నుంచి కుచ్చులు వచ్చే కుర్తీ, ఏ లైన్ కుర్తీ, ముందు బటన్లు ఉన్నవి తీసుకుంటే బిడ్డకు పాలిచ్చే రోజుల్లోనూ పనికొస్తాయి. పొట్ట పెరిగేకొద్దీ కుర్తీ ముందు భాగం పైకి లేస్తుంది కాబట్టి మామూలు కంటే రెండు అంగుళాలు పొడవు ఎక్కువ ఉండాలి. పక్క చీలికలు నడుము దాకా ఉంటే విచ్చుకుపోయి ఇబ్బంది పెడతాయి. బట్ట విషయానికొస్తే మన ఎండలకు మంగళగిరి కాటన్‌ను మించింది దొరకదు. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, చెమట పీలుస్తుంది.

చాలామంది చేసే పొరపాటు రెండు సైజులు పెద్దది కొనేయడం. అప్పుడు భుజాలు జారిపోతాయి, మనిషి మొత్తం గోనెసంచిలో ఉన్నట్టు కనిపిస్తుంది. భుజాలు, చేతులు మీ పాత కొలతలోనే ఉండి ఛాతీ కింద నుంచి వదులు రావాలి. అలా ఉంటే అందరిలో నిలబడి ప్రజెంటేషన్ ఇస్తున్నా ఇబ్బంది అనిపించదు. కాలేజీ రోజుల నుంచి ప్యాంట్, షర్ట్ వేసుకున్న అమ్మాయి కాబోయే అమ్మ అనగానే వేషం మార్చేయాల్సిన పనీ లేదు. మొదటి నెలల్లో పాత ప్యాంటు కాజాలోంచి ఒక రబ్బర్ బ్యాండ్ దూర్చి బటన్‌కు తగిలిస్తే రెండు మూడు అంగుళాలు కలిసొస్తుంది, పైన పొడుగు షర్ట్ కప్పేస్తుంది. ఆ తర్వాత పొట్ట మీదుగా మెత్తటి సాగే బట్ట కుట్టిన ప్యాంటు ఒక్కటి కొంటే చాలు.

చీర తప్పనిసరి అయిన ఉద్యోగాల్లోనే అసలు చిక్కంతా. స్కూలు టీచర్లు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ టీచర్లకు చీర మానేసే వీలుండదు. నాడాను నడుము మీద కాకుండా పొట్ట కింది నుంచి, తుంటి మీదుగా కట్టుకోవాలి. సన్నటి తాడు బదులు రెండు మూడు అంగుళాల వెడల్పు ఎలాస్టిక్ వేయించుకుంటే ఒకే చోట కోసుకుపోదు. దశాబ్దాల పాటు ఒకే చోట బిగుతు నాడా కట్టిన వృద్ధ మహిళలకు అక్కడ మానని పుండై చర్మ క్యాన్సర్‌గా మారిన రెండు కేసులను మహారాష్ట్ర, బిహార్ వైద్యులు 2024లో నివేదించారు. అది గర్భిణులకు సంబంధించిన విషయం కాదు, కంగారు పడాల్సిన పనీ లేదు. నాడా వల్ల మచ్చ పడుతుంటే మాత్రం వదులు చేయాల్సిందే.

పొట్టే బట్టను లాగేసుకుంటుంది కాబట్టి రెండు కుచ్చిళ్లు తగ్గిస్తే పైట పొడవు సరిపోతుంది. అంచు నేలకు ఒక అంగుళం పైకి ఉంటే బస్సు మెట్ల దగ్గర కాలికి తగలదు. జాకెట్లు కొత్తవి కుట్టించే ముందు పాతవి ఒకసారి తిరగేసి చూడండి. పక్క కుట్టు లోపల టైలర్ వదిలిన గుడ్డ ఉంటే విప్పించుకోవడం పది నిమిషాల పని.

చెప్పులు సాయంత్రం పూట కొనాలి. పాదాల వాపు అప్పుడే ఎక్కువ ఉంటుంది. వెనక స్ట్రాప్ ఉన్న చదును చెప్పులు మేలు. ఇక్కడ ఒక హెచ్చరిక: 20 వారాలు దాటాక ముఖం, చేతులు హఠాత్తుగా వాచినా, తగ్గని తలనొప్పి ఉన్నా, చూపు మసకబారినా చెప్పుల సైజు మార్చి ఊరుకోవద్దు. అది బీపీ పెరిగిన లక్షణం కావచ్చు, ఆ రోజే డాక్టర్‌ను కలవాలి.

బాక్స్ ఒకటి కాదు, రెండు

ఇద్దరి కోసం తినాలనే మాట మన ఇళ్లలో అత్తలు, అమ్మలు అందరూ చెప్పేదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రెండు, మూడు త్రైమాసికాల్లో రోజుకు అదనంగా కావాల్సింది 350 కిలోక్యాలరీలు. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు కలిపితే దాదాపు ఆ దగ్గరికి వచ్చేస్తుంది. పరిమాణం కంటే ఎలా పంచుకుని తింటున్నారన్నదే ముఖ్యం. పెద్ద క్యారియర్ ఒక్కసారే ఖాళీ చేస్తే పైన చెప్పిన మంట ఖాయం. అదే అన్నాన్ని 11 గంటలకు కొంచెం, ఒంటిగంటన్నరకు కొంచెం తినండి.

మంట ఉన్నవాళ్లకు పెరుగన్నం బాగా పడుతుంది. మధ్యాహ్నానికి పులిసిపోతుందనే బాధ లేకుండా చిట్కా ఒకటుంది. పొద్దున అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు తోడు వేసి మూత పెట్టేయండి. ఒంటిగంటకు కమ్మగా తోడుకుని ఉంటుంది. పోపు, దానిమ్మ గింజలు మీ ఇష్టం.

ఇంకో పెద్ద సమస్య రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నట్టు తేలింది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఐరన్ మాత్రలు ఎలాగూ వేసుకోవాలి. తిండితోనూ సాయం చేయాలంటే తోటకూర పప్పు, మునగాకు నువ్వుల పొడి, ఉడికించిన గుడ్డు లాంటివి వారమంతా తిప్పుకోవచ్చు. ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. నిమ్మరసం వంటలో కాకుండా తినేటప్పుడు పిండుకుంటే మంచిది. పులుపు పడనివాళ్లు జామకాయ ముక్కలు పెట్టుకోవచ్చు.

ఇంత చేసి, తిన్న వెంటనే ఆఫీస్ మెషీన్ దగ్గరికెళ్లి టీ పట్టుకొస్తే సగం వృథా. టీ, కాఫీల్లోని టానిన్లు ఐరన్‌ను పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత వద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ ఉంది. నాలుగు గంటలకు తాగండి, పక్కన బిస్కెట్ బదులు కాసిన్ని వేయించిన శనగలు.

వాష్‌రూం దూరమనో, చీర సర్దుకోవడం కష్టమనో నీళ్లు తాగడం మానేసేవాళ్లు కూడా తక్కువేం కాదు. గర్భిణులకు మూత్ర ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువ. కాబట్టి త్వరగా విప్పి వేసుకోవడానికి వీలయ్యే బట్టలు ఎంచుకోవడం కూడా ఆరోగ్యం సంగతే.

నాడా వదులు చేసి, బాక్స్ రెండుగా విడగొట్టి, రాత్రి భోజనానికి పడకకు మధ్య రెండు గంటలు ఉంచినా మంట తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పండి. మెడికల్ షాపులో సొంతంగా యాంటాసిడ్ కొనొద్దు. ఐరన్ మాత్రతో పాటే దాన్ని వేసుకుంటే ఆ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. రెండింటి మధ్య ఎన్ని గంటల తేడా ఉండాలో ప్రిస్క్రిప్షన్ మీదే రాయించుకోండి.