కింద రైళ్లు, పైన ఊరు

హాంకాంగ్‌లోని కౌలూన్ బే మెట్రో డిపోలో రైళ్లను కడుగుతారు, మరమ్మతులు చేస్తారు, రాత్రి పూట నిలిపి ఉంచుతారు. ఆ షెడ్డు కప్పు మీదే 41 అపార్ట్‌మెంట్ భవనాలున్నాయి. టెల్‌ఫోర్డ్ గార్డెన్స్ అనే ఆ కాలనీలో దాదాపు 5,000 ఫ్లాట్లు, మధ్యలో తోటలు, పక్కనే దుకాణాలు, మెట్రో స్టేషన్. 1979లో అక్కడ మెట్రో మొదలైంది. ఆ తర్వాత కొద్దికాలానికే పైన జనం కాపురాలు పెట్టారు.

ఇది సాధ్యపడింది స్తంభాల వల్ల. డిపో గీసేటప్పుడే పై భవనాల బరువు లెక్కగట్టి, పట్టాల మధ్య స్తంభాలకు చోటు వదిలారు. పైన కట్టుకునే హక్కును మెట్రో సంస్థ ప్రభుత్వం నుంచి తీసుకుని, బిల్డర్లతో కలిసి కట్టించి, లాభంలో వాటా పొందుతుంది. ఆ సొమ్ము మెట్రో ఖర్చుకు ఆసరా.

న్యూయార్క్‌లో పని ఇంత తేలిక కాలేదు. మన్‌హాటన్ పడమటి అంచున 30 పట్టాలతో యార్డు అప్పటికే నడుస్తోంది. కింద రైళ్లు తిరుగుతుండగానే, పట్టాల సందుల్లో రాతి పొర దాకా తవ్వి దిమ్మెలు దించి, వాటిపై భారీ కాంక్రీటు వేదిక పరిచారు. ఆ వేదికపై కట్టిన హడ్సన్ యార్డ్స్ తొలి భాగం 2019 మార్చిలో తెరుచుకుంది. అక్కడి చెట్ల సంగతి మరీ విచిత్రం. కింది రైళ్ల వేడికి వేళ్లు మాడిపోకుండా పెద్ద ఫ్యాన్లు పెట్టారు, మట్టి కింద గొట్టాల్లో చల్లని ద్రవం పారిస్తున్నారు. ఇంత ఖర్చుతో కట్టిన ఇళ్లలో ఎక్కువ భాగం సంపన్నులకే అందాయి. పేదవాడికి నీడ కావాలంటే కప్పు చవకగా పడాలి.

అదే నగరంలో సన్నీసైడ్ యార్డు 180 ఎకరాలు. దానిపై సామాన్యులకు అందే ధరలో 12,000 ఇళ్లు కట్టాలని 2020లో ప్రణాళిక వేశారు. ఇల్లు ఒక్కటీ లేవలేదు.

ఇళ్ల బదులు పార్కు అయితే బరువు తక్కువ. షికాగోలో 2004లో తెరిచిన మిలీనియం పార్కు కింద నేటికీ రైళ్లు నడుస్తున్నాయి.

హైదరాబాద్ మెట్రోకు ఉప్పల్‌లో, మియాపూర్‌లో విశాలమైన డిపోలున్నాయి. రెండో దశకూ డిపోలు కావాలి. విశాఖ, విజయవాడల్లో మెట్రో వస్తే అక్కడా కావాలి. పైన ఇళ్లు ఇప్పుడే కట్టకపోయినా, స్తంభాలకు చోటు మాత్రం నక్షాలోనే వదలండి.