ముడి దగ్గరే ఎందుకు తెగుతుంది? గాలపు లూప్‌లో దాగిన భౌతికశాస్త్రం

హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లాలో తీర్థన్ అనే నది పారుతుంది. మంచు కరిగి వచ్చే ఆ చల్లని నీటిలో ట్రౌట్ చేపలు ఉంటాయి. ఇవి మన దేశపు చేపలు కావు. బ్రిటిష్ పాలనలో 1900లో కశ్మీర్‌కు, 1909లో కులూకు వీటిని తీసుకువచ్చారు. వీటిని ఈక, దారంతో చేసిన కృత్రిమ ఈగతో పట్టే పద్ధతినే ఫ్లై ఫిషింగ్ అంటారు.

చేప ఈగను అందుకుంది, కడ్డీ విల్లులా వంగింది, మరుక్షణం లైన్ వదులైపోయింది. చేప పోయింది. అనుభవజ్ఞులు అప్పుడు చేసే మొదటి పని, మిగిలిన దారం చివరను చూడటం. అది పంది తోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారిపోయినట్టు. మొండిగా ఉంటే తెగిపోయినట్టు. తెగిన చోటు చాలాసార్లు ముడి పక్కనే ఉంటుంది.

నష్టం మనిషికి మాత్రమే కాదు. కొక్కెంతో పాటు రెండు మూడు మీటర్ల దారాన్ని ఈడ్చుకుపోయిన చేప రాళ్లలో, కొమ్మల్లో చిక్కుకుంటే బతకడం కష్టం. ఉత్తరాఖండ్‌లోని రామగంగ వంటి నదుల్లో ఉండే గోల్డెన్ మహసీర్ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న చేప. కావేరి నదీ వ్యవస్థలోని మూపురపు మహసీర్ పరిస్థితి అంతకన్నా విషమం. 2018లో అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. ఇలాంటి చేపను పట్టి క్షేమంగా తిరిగి వదలాలంటే లైన్‌లోని ప్రతి అతుకూ నమ్మదగినదై ఉండాలి.

బరువు ఈగది కాదు, లైన్‌ది

మామూలు గాలంలో ఎరకు, సీసపు గుండుకు బరువు ఉంటుంది. ఆ బరువే దారాన్ని దూరంగా లాక్కుపోతుంది. కృత్రిమ ఈగకు బరువు దాదాపు ఉండదు. అందుకే ఇక్కడ లైన్‌నే బరువుగా తయారు చేస్తారు. లోపల అల్లిన పోగుల నడిమి దారం, దానిపైన ప్లాస్టిక్ పూత. ఈ లావుపాటి లైన్ చివర క్రమంగా సన్నబడే నైలాన్ లీడర్, దాని కొసన ఇంకా సన్నని టిప్పెట్, ఆ తర్వాత ఈగ.

లావు లైన్‌కు సన్నని లీడర్‌ను కలిపే చోటే అసలు చిక్కు. లీడర్‌ను మార్చాల్సిన ప్రతిసారీ లైన్ కొసను కోసి కొత్త ముడి వేస్తే ఖరీదైన లైన్ కురచవుతూ పోతుంది. దీనికి పరిష్కారం లూప్. లైన్ చివర ఒక లూప్, లీడర్ చివర మరొక లూప్ ఉంటే, రెండింటినీ ఒకదానిలో ఒకటి దూర్చి కలపవచ్చు. కావాలంటే విడదీయవచ్చు.

ముడి గుమ్మం దగ్గర ఏం జరుగుతుంది?

తిన్నగా ఉన్న దారాన్ని లాగితే బలం దాని అడ్డుకోత అంతటా సమానంగా పడుతుంది. ముడిలో దారం వంగుతుంది. వంగినప్పుడు లోపలి అంచు నొక్కుకుంటుంది, బయటి అంచు సాగుతుంది. తన మందమే ఉన్న మరో పోగు చుట్టూ దారం తిరిగితే, బయటి అంచు లెక్కప్రకారం దాదాపు సగం వంతు ఎక్కువ సాగాలి. లాగుడు బలానికి ఈ సాగుడు, పక్క పోగుల ఒత్తిడి కూడా తోడవుతాయి.

మరి తెగేది ముడి నడుమనా? 1999లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక కంప్యూటర్ అధ్యయనం పాలిథిలీన్ అణు గొలుసుకు ముడివేసి లాగితే ఏమవుతుందో లెక్కగట్టింది. ముడిలోకి ప్రవేశించే చోటే గొలుసు తెగింది. 2001లో మరో శాస్త్రవేత్తల బృందం గాలపు దారాన్నీ, ఉడికించిన స్పఘెట్టీనీ ముడివేసి లాగి చూసి, అవి కూడా ముడి గుమ్మం దగ్గరే తెగుతాయని చూపింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. ముడి లోపలికి వెళ్లేకొద్దీ రాపిడి కొంత బలాన్ని మోస్తుంది. గుమ్మం దగ్గర మాత్రం పూర్తి లాగుడు, పదునైన వంపు రెండూ ఒకేచోట కలుస్తాయి.

గుంజకు చుట్టిన పలుపు

బెదిరిన ఎద్దును పలుపు పట్టుకుని ఆపడం ఎవరి తరమూ కాదు. అదే పలుపును గుంజకు రెండు మూడు చుట్లు తిప్పితే ఒక్క చేత్తో ఆపవచ్చు. దీని వెనుక లెక్కను 18వ శతాబ్దంలో గణితవేత్త లియోన్‌హార్డ్ ఆయిలర్ చూపించాడు. ప్రతి చుట్టూ పట్టును కూడదు, గుణిస్తుంది. రాపిడి గుణకం 0.2 అనుకుంటే ఒక చుట్టుతో పట్టు సుమారు 3.5 రెట్లు, రెండు చుట్లతో 12 రెట్లు, మూడు చుట్లతో 43 రెట్లు అవుతుంది.

గాలపు ముడుల్లో దారాన్ని నాలుగైదు చుట్లు తిప్పేది ఇందుకే. చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చుంటేనే ఈ లెక్క పనిచేస్తుంది. ముడిని బిగించే ముందు నీటితో తడపమనేది కూడా అందుకే. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ పైపొర దెబ్బతింటుంది, చుట్లు ఒకదానిపై ఒకటి ఎక్కి మధ్యలోనే ఆగిపోతాయి.

లైన్ చివర లూప్: మూడు మార్గాలు

మొదటిది అతికించిన లూప్. లైన్ కొసను వెనక్కి మడిచి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, వేడిచేసి పూతలను ఒకదానితో ఒకటి కరిగిస్తారు. చల్లారాక గొట్టాన్ని తీసేస్తారు. వేడి ఎక్కువైతే లోపలి నడిమి దారం పాడవుతుంది, తక్కువైతే పూత సరిగా అతుక్కోదు.

రెండవది దారం చుట్టిన లూప్. మడిచిన కొసపై సన్నని దారాన్ని బిగుతుగా, వరుసగా చుట్టి, పైన వంగే గుణమున్న జిగురు పూస్తారు. ఇక్కడ ఒక మంచి లెక్క ఉంది. లూప్‌కు రెండు కాళ్లు ఉంటాయి కాబట్టి పొట్టి కాలి మీద పడేది మొత్తం లాగుడులో దాదాపు సగమే. చుట్టిన దారం ఆ సగాన్ని నిలబెడితే చాలు.

మూడవది అల్లిన గొట్టపు లూప్. బోలుగా అల్లిన నైలాన్ గొట్టంలోకి లైన్ కొసను కనీసం 4-5 సెంటీమీటర్లు దూర్చుతారు. గొట్టాన్ని లాగితే అల్లిక పొడవు సాగి, వ్యాసం తగ్గి, లోపలి లైన్‌ను పిండేస్తుంది. ఎంత లాగితే అంత పట్టు. బలహీనత ఒక్కటే: గొట్టం వెనుక అంచు వదులై విచ్చుకుంటే పట్టు కొద్దికొద్దిగా జారుతుంది. అందుకే ఆ అంచును చిన్న తొడుగుతో, చుక్క జిగురుతో బంధిస్తారు.

లీడర్ వైపు పని సులువు. దారాన్ని జంటగా మడిచి, మామూలు ముడిలోంచి రెండుసార్లు దూర్చి, తడిపి బిగిస్తే సర్జన్ లూప్ తయారవుతుంది.

కరచాలనం కావాలి, ఉచ్చు కాదు

లీడర్ లూప్‌ను లైన్ లూప్ మీదుగా తొడగండి. తర్వాత లీడర్ రెండో కొసను లైన్ లూప్‌లోంచి బయటికి లాగండి. నిదానంగా బిగిస్తే రెండు లూపులూ కరచాలనం చేస్తున్న చేతుల్లా సమానంగా అమరుతాయి. నాలుగు కాళ్లూ బరువును పంచుకుంటాయి.

హడావుడిగా లాగితే ఒక లూప్ తిరగబడి రెండోదాని మెడకు ఉచ్చులా బిగుసుకుంటుంది. సన్నని నైలాన్ అప్పుడు లైన్ పూతలోకి కోసుకుపోతుంది. అక్కడ లైన్ కీలులా వంగడంతో ఈగ విసురు కూడా సాఫీగా సాగదు.

ఈ కరచాలనం ఆకారం నావికులు వాడే రీఫ్ ముడిదే. 2020లో ‘సైన్స్’ పత్రికలో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు, లాగినప్పుడు రంగు మారే పోగుల సాయంతో ముడుల లోపలి ఒత్తిడిని చూపించారు. దారం దాటే చోట్ల సంఖ్య, మెలికల దిశ బట్టి ముడి బలాన్ని ముందే అంచనా వేయవచ్చని తేల్చారు. రెండు తాళ్లను కలపడానికి రీఫ్ ముడి అంత నమ్మకమైనది కాదు, దాని విడి కొసలు జారే వీలుంది. లూప్‌లలో మాత్రం విడి కొసలే ఉండవు. అందుకే అదే ఆకారం ఇక్కడ భద్రం.

ఇంట్లో చేసి చూడండి

ఒకే గాలపు దారం నుంచి సమాన పొడవు ముక్కలు తీసుకోండి. ఒకదాని మధ్యలో మామూలు ముడి వేయండి, ఇంకోదాన్ని రెండు ముక్కలు చేసి లూపులతో కలపండి, మూడోదాన్ని తిన్నగా వదిలేయండి. కళ్లద్దాలు పెట్టుకుని స్ప్రింగ్ త్రాసుతో నెమ్మదిగా లాగండి. ఏది ఎంత బరువుకు, ఎక్కడ తెగిందో రాసుకోండి. మామూలు ముడి ఒక్కటే దారం బలాన్ని సగం దాకా తగ్గించగలదు. గాలి విసురుకు టిప్పెట్‌లో తనంతట తాను పడే ముడి కూడా ఇదే.

లైన్‌లో అన్ని అతుకులూ ఒకే బలంతో ఉండనక్కర్లేదు. నిజానికి ఉండకూడదు. టిప్పెట్ అన్నిటికన్నా బలహీనంగా ఉండాలి. అప్పుడు తెగినా ఈగ దగ్గరే తెగుతుంది, చేప వెంట పొడవాటి దారం పోదు. పై లూపులు టిప్పెట్ కన్నా ఖచ్చితంగా బలంగా ఉన్నప్పుడే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. కాబట్టి నదిలో దిగే ముందు ఒక్క నిమిషం ఆగి, లూపులను వేళ్ల మధ్య తిప్పి చూడాలి. పూత పగిలిందా, చుట్లు వదులయ్యాయా, కరచాలనం ఉచ్చుగా మారిందా? ఆ నిమిషం మీద ఒక మహసీర్ ప్రాణం ఆధారపడి ఉండవచ్చు.