బి కణానికీ బ్రేకులున్నాయి!

పిల్లలూ! రోగక్రిములు ఒంట్లో చొరబడితే ప్రతిరక్షకాలు పుట్టి వాటిని పట్టుకుంటాయని మీరు చదువుకొనే ఉంటారు. మరి తగినన్ని తయారయ్యాక ‘ఇక చాలు’ అని చెప్పేదెవరు?

ప్రతిరక్షకాలను తయారుచేసేవి బి కణాలు. ఇవి ఒక రకం తెల్లరక్తకణాలు. (కోడిపిల్ల తోక దగ్గర ‘బర్సా’ అనే చిన్న సంచి ఉంటుంది. అది తీసివేస్తే కోళ్ళు ప్రతిరక్షకాలను సరిగా తయారుచేయలేవని అమెరికాలో బ్రూస్ గ్లిక్, ఆయన సహచరులు 1956లో ప్రకటించారు. ‘బి’ అన్న పేరు ఆ బర్సా నుంచే వచ్చింది. మనకు బర్సా లేదు. మన బి కణాలు ఎముకల మూలుగలో పుడతాయి.)

ఒక్కో బి కణం పైన దాదాపు లక్ష గ్రాహకాలు ఉంటాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. వాటికి సరిపోయే క్రిమి తగిలిందా, కణం మేలుకుంటుంది. సాధారణంగా టి కణాల సాయంతో రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగుతుంది. వాటిలో కొన్ని సెకనుకు వేల ప్రతిరక్షకాలను వెదజల్లే కర్మాగారాలవుతాయి.

ఇక బ్రేకు సంగతి చూద్దాం. ప్రతిరక్షకం అచ్చంగా పంగలకర్రలా ఉంటుంది. రెండు కొమ్మలతో క్రిమిని పట్టుకుంటుంది. పిడి ఖాళీగా ఉంటుంది. బి కణం పైన ‘ఎఫ్‌సి గామా ఆర్ 2బి’ అనే మరో గ్రాహకం ఉంది. పేరు నోరు తిరగదు గాని, దాని పని తేలికే. అది క్రిమిని పట్టించుకోదు, పిడిని పట్టుకుంటుంది. ప్రతిరక్షకాలు అంటుకున్న క్రిమి వచ్చిందనుకోండి. మొదటి గ్రాహకం క్రిమిని, రెండవది పిడిని అందుకుంటాయి. రెండూ దగ్గరకు చేరగానే కణం లోపలికి ‘ఆగు’ అన్న సంకేతం వెళుతుంది. చూశారా, సరుకే వచ్చి కర్మాగారాన్ని ఆపుతోంది!

ఈ బ్రేకు లేకపోతే? అటువంటి ఎలుకలను పరిశీలించిన ఫలితాలు 2000లో వెలువడ్డాయి. అవి తమ సొంత కణాల కేంద్రక పదార్థం మీదనే ప్రతిరక్షకాలను తయారుచేసుకున్నాయి. మూత్రపిండాలు చెడి, ముందుగానే చనిపోయాయి. మనుషుల్లో ఇటువంటి జబ్బునే లూపస్ అంటారు. కీళ్ళు వాస్తాయి, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఇది ఎక్కువగా స్త్రీలకు వస్తుంది.

కొందరిలో ఈ గ్రాహకంలోని 232వ అమైనో ఆమ్లం మారి ఉంటుంది. దానితో బ్రేకు సడలుతుంది, లూపస్ ముప్పు పెరుగుతుంది. ఇంత చెడ్డ మార్పు తరతరాలుగా ఎందుకు మిగిలింది? అది మలేరియా పీడించిన ఆఫ్రికా, ఆసియా ప్రాంతాల్లోనే ఎక్కువ. కెన్యా పిల్లల్లో, తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఈ మార్పును పొందినవారికి తీవ్రమైన మలేరియా తక్కువగా వచ్చిందని 2010లో తేలింది. ఈ గ్రాహకం మరికొన్ని రక్షణ కణాలపైనా ఉంటుంది. బ్రేకు సడలిన శరీరం మలేరియా పరాన్నజీవి మీద మరింత జోరుగా విరుచుకుపడుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.