అందరిదీ ఒకే యంత్రం - ఎవరి వాటా ఎంత?

మా రెండోవాడు ఎం.టెక్. చదువుతున్న రోజుల్లో ఒకనాడు తెల్లవారుజామున ఫోను చేశాడు. "నాన్నా, ఆరు రోజులనుంచి నడుస్తున్న లెక్క పోయింది. పొద్దున్నే ప్రొఫెసరుగారికి చూపించాలి" అన్నాడు. ఏడుపు ఒక్కటే తక్కువ.

కంప్యూటరు పాడయిందా అంటే లేదు. కరెంటు పోయిందా అంటే అదీ కాదు. కాలేజీలో పదిమందికీ కలిపి ఒక పెద్ద సర్వరు వుంది. ఎవరి గదిలోంచి వారు దానిమీద పని చేసుకుంటారు. వారిలో మరో కుర్రవాడు తన ప్రోగ్రాములో చిన్న పొరపాటు చేశాడట. అది తనలాంటివాటినే వందలకొద్దీ పుట్టించుకుంటూ పోయింది. ఒక్కొక్కటీ పిసరంతే, అన్నీ కలిసి యంత్రంలో వున్న మెమరీనంతా మింగేశాయి.

మెమరీ నిండుకున్నప్పుడు, యంత్రాన్ని నడిపే లినక్స్ ఏదో ఒక ప్రోగ్రామును చంపి చోటు చేసుకుంటుంది. దేన్ని చంపాలి? మామూలుగా, విడివిడిగా చూస్తే ఏది ఎక్కువ మెమరీ వాడుతోందో దాన్ని. ఆ వేళ అన్నిటిలోకీ పెద్దది మావాడి లెక్కే. తప్పు ఒకరిది, దండన మరొకరికి!

"ఒక్కొక్కరూ ఇంతకంటే వాడకూడదని ముందే కట్టడి చెయ్యరాదూ?" అంది మా ఆవిడ. నెల సరుకులు నెలాఖరుదాకా సర్దే మనిషి కనుక ఆమెకు వెంటనే తట్టింది. అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే వుంది.

వారానికి నాలుగు గంటలు

ఒక కంప్యూటరును పలువురు పంచుకోవటం కొత్త సంగతేమీ కాదు. 1961 నవంబరులో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కొర్బాటో, ఆయన సహచరులు సి.టి.ఎస్.ఎస్. అనే ఏర్పాటును ప్రదర్శించి చూపారు. అంతకుముందు చిల్లుల కార్డుల కట్ట అప్పగించి, ఫలితం కోసం కాచుకు కూర్చోవలసి వచ్చేది. ఈ ఏర్పాటులో యంత్రం ఒకరి పని కాస్త, మరొకరి పని కాస్త చేస్తూ చకచకా అందరినీ చుట్టి వస్తుంది. ఎవరికి వారికి యంత్రం తమదే అనిపిస్తుంది.

కాని పంపకం అన్నాక లెక్క తప్పదు. ఒక్కొక్కరికీ ఇంత కాలమని కేటాయించి, ఎవరి ఖాతాకు వారికి పాస్‌వర్డు ఇచ్చారు. అక్కడి పరిశోధక విద్యార్థి అలన్ షెర్ వంతుకు వారానికి 4 గంటలు వచ్చాయి. ఆయన పనికి అది చాలలేదు. 1962లో ఒక శుక్రవారం రాత్రి ఏం చేశాడనుకున్నారు? పాస్‌వర్డులున్న ఫైలునే అచ్చు వేసి ఇమ్మని యంత్రానికి కార్డు పెట్టి, శనివారం పొద్దున్నే వెళ్ళి కాగితాలు తెచ్చుకున్నాడు! ఇక ఇతరుల ఖాతాల్లో కావలసినంత కాలం. సుమారు 25 ఏళ్ళ తరవాతగాని ఆయన ఈ సంగతి ఒప్పుకోలేదు.

దొంగతనం దొంగతనమే. అయినా పరిమితులు పెట్టేవారికి ఇందులో ఒక పాఠం వుంది. అవసరం చూడకుండా గీసిన గీతను దాటటానికి తెలివైనవాడు దారి వెతుక్కుంటాడు.

గడువిచ్చే గీత

1983లో వెలువడిన 4.2 బి.ఎస్.డి. యునిక్స్‌లో ఇంతకంటే దయగల పద్ధతి కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఎల్జ్ రూపొందించిన డిస్కు కోటా అది. అందులో ఒక్కొక్కరికీ రెండు గీతలు. మొదటి గీత దాటితే హెచ్చరిక, సర్దుకోవటానికి గడువు. గడువులోగా అనవసరమైన ఫైళ్ళు తీసెయ్యకపోతే కొత్తవి దాచుకోనివ్వదు. రెండో గీతను మాత్రం ఒక్క నిమిషం కూడా దాటనివ్వదు.

మనిషి చుట్టూ కంచె

మెమరీ సంగతి వేరు. ఒక్కో ప్రోగ్రాముకు ఇంతేనని పరిమితి పెట్టటం ఎప్పటినుంచో వుంది. కాని ఒక్కడే వంద ప్రోగ్రాములు నడిపితే ఆ పరిమితి వందరెట్లవుతుంది. మా వాడి కొంప ముంచింది అదే.

దీనికి తగిన ఉపాయాన్ని గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ 2006లో మొదలుపెట్టారు. 2008 జనవరిలో వచ్చిన లినక్స్ 2.6.24లో అది చేరింది. పేరు సీ-గ్రూప్స్. ఒక మనిషికి చెందిన ప్రోగ్రాములన్నిటినీ ఒక గుంపుగా కట్టి, ఆ గుంపు మొత్తానికి పరిమితి పెట్టవచ్చు. గుంపు హద్దు మీరితే, చంపవలసిన ప్రోగ్రామును ఆ గుంపులోనే ఎంచుతుంది. పక్కవాడి పని చెక్కుచెదరదు. ఎన్ని ప్రోగ్రాములు పుట్టవచ్చునో కూడా ముందే చెప్పవచ్చు.

ప్రాసెసరు కాలానికి ఇంత కఠినం అక్కరలేదు. వాడని క్షణం ఎలాగూ పోయేదే. అందుకని వాటాలు మాత్రం చెబుతారు. యంత్రం ఖాళీగా వుంటే ఒక్కడే అంతా వాడుకోవచ్చు. నలుగురు సమాన వాటాదార్లు ఒకేసారి వస్తే తలా పావు. మెమరీ అలా కాదు. ఒకసారి ఇచ్చింది మధ్యలో లాక్కుంటే పని చెడుతుంది. అందుకే దానికి కంచె కావాలి.

ఆ కంచె ఎక్కడ వెయ్యాలన్నదే చిక్కు. 64 జీ.బీ. మెమరీ, పదిమంది మనుషులు అనుకోండి. తలా 6 ఇస్తే, యంత్రం సొంత పనికి 4 మిగులుతుంది. భయం లేదు, కాని ఇద్దరే వున్న రాత్రి 48 వృథాగా పడివుంటుంది, వారి పెద్ద లెక్కలు మాత్రం సాగవు. తలా 20 ఇస్తే ముగ్గురిదాకా హాయి. నాలుగోవాడు కూడా నిండా వాడితే మళ్ళీ మొదటి కథే. కనుక ఎవరు, ఎప్పుడు, ఎంత వాడుతున్నారో కొన్నాళ్ళు కనిపెట్టి చూసి గీత గీయాలి. నిజంగా ఎక్కువ కావలసినవాడు అడిగి తీసుకునే దారి కూడా వుంచాలి. ఆ దారి వుండివుంటే షెర్‌కు ఆ శుక్రవారం ప్రయాస తప్పేదేమో!

మావాడి కాలేజీలోనూ ఆ తరవాత తలా ఒక పరిమితి పెట్టారు. రెండు నెలలకు మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి వాడి ప్రోగ్రామే హద్దు మీరి ఆగిపోయిందట. అయితే అప్పటికి ప్రతి గంటకూ అయినంతవరకు డిస్కులో దాచుకునే అలవాటు చేసుకున్నాడు గనుక పోయింది గంట పనే.

"మరి మిగతావాళ్ళ పని?" అని అడిగాను.

"వాళ్ళెవరికీ తెలియను కూడా తెలియదు నాన్నా" అన్నాడు, గొంతులో ఏ కంగారూ లేకుండా.